హోప్ ఐలాండ్ ప్రాజెక్టు డైరీ: నల్లకుంట మిద్దె నుంచి ఉప్పునీటి అంచు దాకా

2024 అక్టోబరు 6, ఆదివారం

ఇవాళ్టి మీటింగులో తేల్చేశాం. ఈ చలికాలం మా హైదరాబాదు హామ్ క్లబ్బు ట్రిప్పు కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండుకి. ప్రతిసారీ వికారాబాద్ అనంతగిరి కొండల పేరే వచ్చేది. కొండెక్కితే ఎత్తు దొరుకుతుంది, ఊరి గోల తగ్గుతుంది, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. కానీ మా మాస్టారు (ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారు) రెండేళ్ళుగా ఒకే మాట అంటున్నారు: "మనం పుట్టింది బండరాయి మీద. యాంటెన్నాకు బండరాయి పనికిరాదు. ఒక్కసారి సముద్రం పక్కన నిలబెట్టి చూడండి."

హామ్ రేడియో తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మేం పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు, సొంత కాల్ సైన్ తీసుకుని రేడియో మీద మాట్లాడుకునేవాళ్ళం. షార్ట్‌వేవ్‌లో మధ్యలో టవరు ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. పైన అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి అల కిందికి తిరిగొస్తుంది, అంతే. ద్వీపాల నుంచి మాట్లాడటం మాలో చాలామందికి ప్రాణం. 1964లో బ్రిటన్‌కు చెందిన జెఫ్ వాట్స్ దీన్నొక కార్యక్రమంగా మొదలుపెట్టారు. ఆయన ట్రాన్స్‌మిట్ చేసేవాడు కాదు, వినేవాడు మాత్రమే. అప్పట్నుంచి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పడవలో రేడియో పెట్టుకుని ఒక దీవికి వెళుతూనే ఉన్నారు.

హోప్ ఐలాండ్ అంటే గోదావరి తెచ్చిపోసిన ఇసుక. కాకినాడ తీరానికి సముద్రపు దెబ్బ నేరుగా తగలకుండా అడ్డుగా పడుకున్న పొడుగాటి దిబ్బ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి ఆ నెలల్లో వద్దని మేమే అనుకున్నాం. నవంబరు ఆఖరు ఆదివారం దాటగానే, డిసెంబరు 1న పోదామని రాసుకున్నాం.

అక్టోబరు 11, శుక్రవారం

నిన్న సద్దుల బతుకమ్మ, రేపు దసరా. నల్లకుంటలో మా బిల్డింగులో సగం ఫ్లాట్లకు తాళాలున్నాయి. ఇన్వర్టర్లు, ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు తగ్గితే రేడియోలో రొద తగ్గుతుంది కాబట్టి 15 మీటర్ల బ్యాండు యాంటెన్నా పరీక్షకు ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాం. ఫైబర్ గ్లాస్ పోలుకు 3.35 మీటర్ల తీగ నిలువుగా కట్టి, కింద నేల వైపు నాలుగు తీగలు (రేడియల్స్) పరిచాం. ఎనలైజరులో ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 చూపించింది (యాంటెన్నా రేడియోతో ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది). అంతా సరిగానే ఉంది.

రేడియో పెడితే యూరప్ వైపు ఏమీ లేదు. సాయంత్రం ఆరింటికి ఆ బ్యాండు తిరునాళ్ళలా ఉండాలి. మా చిన్నోడు (ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, లైసెన్సు ఈ ఏడాదే వచ్చింది) "అన్నా, కనెక్టర్‌ల లూజ్ ఉన్నట్టుంది, మళ్ళ కొడదాం" అన్నాడు. కొట్టాం. రెండు కనెక్టర్లు కోసి కొత్తగా సోల్డరు పెట్టాం. అయినా అంతే. రాత్రి ఎనిమిదిన్నరకు మాస్టారికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న: "సూర్యుణ్ణి చూసుకున్నారా?"

చూసుకోలేదు. నిన్న రాత్రి నుంచి భూమికి సూర్యుడి నుంచి వచ్చిన జీ4 స్థాయి (చాలా తీవ్రమైన) అయస్కాంత తుఫాను తగులుతోంది. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిన ఫొటోలు చూశాం కానీ, అదే మా బ్యాండును తినేసిందని తట్టలేదు. ఇకనుంచి లాగ్‌బుక్ మొదటి పేజీలో ఆ రోజు కేపీ ఇండెక్స్ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలత పడిందో చెప్పే అంకె) రాశాకే రేడియో ఆన్ చేయాలని పెట్టుకున్నాం.

అక్టోబరు 20, ఆదివారం

సామాను రోజు. పొద్దున కోఠి గుజరాతీ గల్లీలో పీఎల్ 259 కనెక్టర్లు, ఫెరైట్ కోర్లు, ముప్పై మీటర్ల కోయాక్స్. మధ్యాహ్నం రాణిగంజ్‌లో నైలాన్ తాడు, టార్పాలిన్ పట్టా, నట్లు బోల్టులు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకున్నాం. ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు.

తీగల లెక్క సులువే. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. అందులో నాలుగో వంతు తీసుకుని ఒక ఐదు శాతం తగ్గించాలి. 14.2కి దాదాపు 5 మీటర్లు, 21.25కి 3.35, 28.4కి 2.5. పైన ప్లాస్టిక్ తొడుగున్న తీగైతే ఇంకొంచెం పొట్టిగా కుదురుతుంది. అందుకని కొయ్యకుండా చివర వెనక్కి మడిచి ట్యాగ్ వేశాం. దీవిలో కొలతలు మారతాయని తెలుసు.

ఇవాళ్టి అసలు పని వేరే. మిద్దె మీది యాంటెన్నాకు, దీవిలోని యాంటెన్నాకు తేడా ఎంతో కొలవాలంటే రెండుచోట్లా ఒకే కొలబద్ద ఉండాలి. దానికి బీకన్లను (తమంతట తాము సంకేతాలు పంపే స్టేషన్లను) పెట్టుకున్నాం. ప్రపంచమంతా కలిపి 18 బీకన్ స్టేషన్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పది సెకన్లు పలుకుతాయి. మూడు నిమిషాలకు ఒక చుట్టు. ప్రతి బీకనూ తన కాల్ సైన్‌నూ, ఒక పొడుగు గీతనూ (మోర్స్ కోడ్‌లో సాగదీసిన కూత) 100 వాట్లతో పంపి, తర్వాతి మూడు గీతలనూ 10, 1, 0.1 వాట్లతో పంపుతుంది. ఎన్ని గీతలు వినపడితే అంత మంచి యాంటెన్నా, అంత నిశ్శబ్దమైన చోటు. మీటరు అబద్ధం ఆడొచ్చు కానీ ఈ గీతలు ఆడవు.

ఉదయం తొమ్మిదింటికి 21.150 మీద జపాన్ బీకన్ జేఏ2ఐజీవై కోసం ఆరు చుట్లు విన్నాం. కాల్ సైన్ వినపడింది, 100 వాట్ల గీత వినపడింది. 10 వాట్లది ఆరింటిలో రెండుసార్లు, అదీ రొదలోంచి ఏరుకుంటే. 1 వాటుది ఒక్కసారీ లేదు. రేడియో మీటరు మీద ఊరి రొదే ఎస్7 దగ్గర నిలబడింది (ఎస్1 అంటే దాదాపు నిశ్శబ్దం, ఎస్9 అంటే చాలా గట్టి).

సూర్యుడు 25వ చక్రంలో గరిష్ఠ దశకు చేరాడని మొన్న మంగళవారమే నాసా, నోవా (అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ) ప్రకటించాయి. ఇలాంటి ఏళ్ళు పదకొండేళ్ళకోసారి వస్తాయి. 10 మీటర్ల బ్యాండు పగలంతా తెరుచుకుని ఉండే కాలం ఇది. దీవికి పోవాలంటే ఇప్పుడే పోవాలి.

నవంబరు 3, ఆదివారం

కరెంటు చర్చ. జనరేటరు వద్దని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. పక్షులుండే చోట ఆ చప్పుడు, ఆ పొగ ఎందుకు? 12.8 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి చాలు. మా 100 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పైకి ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది, వినేటప్పుడు ఒకటీ ఒకటిన్నర. మాటలో విరామాలుంటాయి కాబట్టి సగటున ఐదు ఆంపియర్లు వేసుకున్నా ఎనిమిది గంటలకు నలభై ఏహెచ్. ఇంకా సగానికి పైగా మిగులుతుంది. సోలార్ ప్యానెల్ మోయక్కర్లేదు.

అనుమతి కాగితాలు మా క్లబ్బులోని అక్క చూసుకుంటోంది. బ్యాంకు ఉద్యోగి కాబట్టి కాగితం విషయంలో ఆమె ఓపిక మాకెవరికీ లేదు. పగటిపూట మాత్రమే ఉంటామని, శాశ్వతంగా ఏదీ పాతమని, అన్నీ తిరిగి తెచ్చేస్తామని రాసిచ్చింది.

నవంబరు 17, ఆదివారం

మాస్టారు ఇవాళ బకెట్టు ప్రయోగం చేసి చూపించారు. నాకు ఈ ప్రాజెక్టు మొత్తం అర్థమైంది ఇవాళే.

పది లీటర్ల బకెట్టులో నల్లా నీళ్ళు. ఒక చెక్కముక్కకు జానెడు దూరంలో దిగ్గొట్టిన రెండు స్టీలు మేకులు. వాటికి మల్టీమీటరు వైర్లు. మీటరు కిలో ఓముల్లో ఊగుతోంది. "ఇది మన చెరువనుకోండి" అన్నారు. తర్వాత వంటింట్లోంచి ఉప్పు ప్యాకెట్టు తెప్పించి, లీటరుకు 35 గ్రాముల లెక్కన 350 గ్రాములు తూచి, గుప్పెడు గుప్పెడు పోస్తూ కర్రతో కలిపారు. మొదటి గుప్పెడికే అంకె సగం కంటే కిందికి పడింది. ఆఖరుకు మీటరు రేంజి మార్చాల్సి వచ్చింది. "ఇప్పుడిది బంగాళాఖాతం."

లెక్కలో చెప్పాలంటే సముద్రపు నీటి వాహకత మీటరుకు 5 సీమెన్స్ దాకా ఉంటుంది. మంచినీటికి పట్టికల్లో వేసుకునేది దాని కంటే వెయ్యి రెట్లు తక్కువ. మన గ్రానైటు నేలదీ చాలా తక్కువే. నిలువు యాంటెన్నా నుంచి బయల్దేరిన అల కొంత నేరుగా పోతుంది, కొంత నేలకు తగిలి పైకి లేస్తుంది. రాతినేల మీద దిగంతానికి దగ్గరగా, తక్కువ కోణంలో పోయే భాగాన్ని నేల మింగేస్తుంది. దూరదేశాలకు చేరేది ఆ తక్కువ కోణపు అలే. ఉప్పునీరైతే అద్దంలా తిప్పి పంపుతుంది. అందుకే హుస్సేన్ సాగర్ ఒడ్డున నిలబెడితే ఈ లాభం రాదు, అది మంచినీరు. అలాగే దీవి మధ్యలో నిలబెట్టినా లాభం లేదు, నీటి అంచునే నిలబెట్టాలి.

బకెట్టులో నీళ్ళు మొక్కలకు పోయకుండా డ్రైనేజీలో పారబోయమని మాస్టారి భార్య రెండుసార్లు గుర్తుచేశారు.

డిసెంబరు 1, ఆదివారం

ఈపాటికి దీవిలో ఉండాల్సినవాళ్ళం. బంగాళాఖాతంలో ఫెంగల్ తుఫాను పుట్టి నిన్న రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. కాకినాడకు చాలా దూరమే. కానీ బోటు సరంగు గారు గురువారమే ఫోన్‌లో చెప్పేశారు: "సముద్రం బాగోలేదండి. వచ్చే వారం రండి. ఇప్పుడు అమావాస్య పోటు కూడానండి, మీకు ఒడ్డు మిగలదు." ఒక్క వాక్యంలో వాతావరణం, చంద్రుడు రెండూ చెప్పారు. వారం ఆగితే సప్తమి, పోటు తక్కువ. మాకు అదే మేలు.

ఖాళీ దొరికింది కాబట్టి మాస్టారు చిన్నోడికి 2004 సంగతి చెప్పారు. మన హైదరాబాదులోనే ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఆ డిసెంబరులో అండమాన్‌కు వెళ్ళింది. చాలా ఏళ్ళుగా అక్కడి నుంచి హామ్ స్టేషన్ పలకలేదు. భారతీ ప్రసాద్ గారు వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో మాట్లాడుతున్నారు. 26వ తేదీ ఉదయం సునామీ. ఫోన్లు పోయాయి. కాంటాక్టుల కోసం తీసుకెళ్ళిన ఆ రేడియోల మీదే దీవుల క్షేమసమాచారాలు బయటికొచ్చాయి. చిన్నోడు అప్పుడు నెలల పిల్లాడు. అంతా విని, లేచి వెళ్ళి మా సామాను పెట్టె మూతకు లోపలివైపు అత్యవసర ఫ్రీక్వెన్సీల కాగితం అతికించాడు. ఎవరూ చెప్పలేదు.

డిసెంబరు 4, బుధవారం

పొద్దున 7.27కి మంచం కదిలింది. ములుగు దగ్గర 5.3 తీవ్రత భూకంపం. రెండు నిమిషాల్లో వీహెచ్‌ఎఫ్ హ్యాండ్‌సెట్ మీద అందరూ పలికారు. అక్క ఒక్కొక్కరి పేరూ, ఏరియా రాసుకుంది. అందరం క్షేమం.

డిసెంబరు 7, శనివారం

ఉదయం ఐదింటికి రెండు కార్లలో ఆరుగురం బయల్దేరాం. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, దాదాపు 500 కిలోమీటర్లు. ఇవాళ సుబ్రహ్మణ్య షష్ఠి. బిక్కవోలు దగ్గర జనం, జీళ్ళ అంగళ్ళు, గంటకు పైగా కదల్లేదు. మాకెవరికీ విసుగు రాలేదు, పిల్లాడి కోసం మొక్కుకున్నవాళ్ళు అలా తడిబట్టలతో నడుస్తుంటే పక్కకు తప్పుకోవడమే మర్యాద. సాయంత్రం కాకినాడలో బ్యాటరీ మళ్ళీ ఫుల్ చార్జి పెట్టాం. కేపీ ఇండెక్స్ రాసుకున్నాం. పడుకున్నాం.

డిసెంబరు 8, ఆదివారం

ఐదున్నరకు జెట్టీ. రేడియో, బ్యాటరీ రెండిటినీ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పెట్టి మూత చుట్టూ టేపు వేశాం. బోటు కదిలాక చలిగాలి, డీజిలు వాసన, ఎడమవైపు చీకట్లో మడచెట్ల వరస. సూర్యుడు వచ్చేసరికి దీవి ఒక గీతలా కనబడింది.

దిగగానే చోటు వెతుక్కున్నాం. నాకు నచ్చిన చోటు చూసి సరంగు గారు తల ఊపారు. "అక్కడొద్దండి. మధ్యాహ్నం దాటాకా నీళ్ళు ఇదిగో, ఈ గుల్లల దాకా వచ్చేత్తాయండి." ఇసుకలో ఎండిన గుల్లల గీత ఒకటి చూపించారు. నా ఫోన్‌లో ఉన్న పోటు పట్టిక ప్రకారం అంత పైకి రాకూడదు. పట్టికనే నమ్మి, ఆ గీతకు నాలుగడుగుల కింద పోలు నిలబెట్టించాను. రేడియల్స్ చివర్లను మోకాలెత్తు పుల్లలకు కట్టాం.

ఎనలైజరు పెడితే మడతలు విప్పాల్సి వచ్చింది, మిద్దె మీది కొలత ఇక్కడ చెల్లలేదు. పది నిమిషాల్లో ఎస్‌డబ్ల్యూఆర్ 1.2కి వచ్చింది. రేడియో ఆన్ చేశాను. ముందు పాడైందనుకున్నాను. చప్పుడే లేదు. మీటరు ముల్లు ఎస్1 దగ్గర ఊరికే పడుకుని ఉంది. ఇరవై ఏళ్ళుగా రేడియో అంటే రొద వెనక ఉండే గొంతులనే అనుకున్నాను. రొద లేకుండా గొంతు మాత్రమే ఉంటే ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను.

తొమ్మిదింటికి, మిద్దె మీద విన్న సమయానికే, 21.150. అందరం పట్టా కింద చేరాం. సరంగు గారు కూడా వచ్చి కూర్చున్నారు. జేఏ2ఐజీవై పలికింది. 100 వాట్ల గీత గట్టిగా. 10 వాట్లది తేటగా. 1 వాటుది కొంచెం సన్నగా, కానీ ఏరుకోకుండానే. అందరం ఊపిరి బిగబట్టాం. నాలుగోది, వాటులో పదో వంతు. మొదటి చుట్టులో లేదు. రెండో చుట్టులో అక్క చెయ్యెత్తింది. "ఉంది. నాకు వినపడింది." మోర్స్‌లో ఆమె చెవి మీద మాకు అనుమానం లేదు. నాలుగో చుట్టులో నాకూ వినపడింది, గోడ అవతల ఎవరో ఈల వేసినంత. ఇంటి టార్చిలైటు బల్బుకు చాలనంత కరెంటుతో జపాన్‌లో పంపిన గీత ఇక్కడిదాకా వచ్చింది. మాస్టారు ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

మొదట 21.260 మీద కూర్చున్నాం. దీవుల నుంచి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా కూర్చునే చోటు అది. జపాన్, కొరియా, ఇండోనేషియా. పదకొండుకి 10 మీటర్లకు మారాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక యూరప్ తెరుచుకుంది. 28.460 మీద చిన్నోడిని మైకు దగ్గర కూర్చోబెట్టాను. "సీక్యూ" (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) అని రెండుసార్లు పిలిచి మైకు బటన్ వదిలాడు. ఒకేసారి ఇరవై ముప్పై మంది పలికారు. ఇలా అందరూ ఒకేసారి మీదపడే పైలప్ అంటే ఇన్నాళ్ళూ వాడు యూట్యూబులో చూసిందే. బిక్కమొహం వేసి నా వైపు చూశాడు. "ఒక్క అక్షరం పట్టుకో. అది చెప్పు. మిగతావాళ్ళు ఆగుతారు" అన్నాను. "ఎల్‌జెడ్ ఒక్కరే" అన్నాడు. అంతా ఆగారు. బల్గేరియా నుంచి ఒక పెద్దాయన గొంతు, 59 రిపోర్టు (గట్టిగా, తేటగా వినపడుతోందని). వాడి పెన్ను కాగితం మీద వణికిన గీత లాగ్‌బుక్‌లో అలాగే ఉంది. అరగంటకు వాడి గొంతు నిలబడింది. ఇటలీ, జర్మనీ, ఫిన్లాండ్ ఒకటే వరస. ఎవరినీ తొందరపెట్టలేదు, తక్కువ పవర్‌తో పిలిచేవాళ్ళ కోసం మధ్యలో ఆగి విన్నాడు. అది నేను నేర్పలేదు.

రెండున్నరకు ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కసారిగా 3 దాటింది. రేడియో తనంతట తాను పవరు తగ్గించుకుంది. బయటికొచ్చి చూస్తే నీళ్ళు రేడియల్స్ పుల్లలను ముంచి, తీగలు అలలో తేలుతున్నాయి. గుల్లల గీతకు ఇంకా అడుగు దూరముంది. సరంగు గారు చెప్పింది చెప్పినట్టే. ఆయన ఏ మాటా అనకుండా బోటులోంచి రెండు గెడలు తెచ్చి, నడుముల్లోతు నీళ్ళలోకి దిగి పాతి, తీగల చివర్లను వాటికి ఎత్తి కట్టారు. ఆయన కట్టిన ముడి మేం కట్టిన ఏ ముడి కంటే గట్టిది. ఇప్పుడు యాంటెన్నా కింద, చుట్టూ అంతా ఉప్పునీరే. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. ఆ తర్వాతి గంటలో వచ్చిన రిపోర్టులు రోజంతటిలోకీ మెరుగ్గా ఉన్నాయి.

నాలుగింటికి ఆపేశాం. బ్యాండు ఇంకా నిండుగా ఉంది, ఆపడం కష్టంగా అనిపించింది. కానీ పగటిపూటే ఉంటామని రాసిచ్చాం. 187 కాంటాక్టులు, అందులో 41 అక్క మోర్స్‌లో చేసినవి. బ్యాటరీలో ఇంకా సగం మిగిలే ఉంది. పుల్లలు, తాళ్ళు, టేపు ముక్కలు లెక్కపెట్టి తీసుకున్నాం. పన్నెండు పుల్లల్లో ఒకటి దొరకలేదు. నీళ్ళలో వెతికి తెచ్చాకే బోటెక్కాం.

డిసెంబరు 15, ఆదివారం

తీగలు, కనెక్టర్లు మంచినీళ్ళలో రెండుసార్లు కడిగి ఆరబెట్టాం. ఒక కనెక్టరు లోపల అప్పుడే పచ్చగా చిలుము పట్టింది, దాన్ని కోసేశాం. లాగ్ కంప్యూటర్లోకి ఎక్కించడం అయిపోయింది. క్యూఎస్ఎల్ కార్డు (మాట్లాడినట్టు ధ్రువీకరించే కార్డు) మీద గుల్లల గీత ఫొటో వేద్దామని చిన్నోడు, సూర్యోదయం వేద్దామని అక్క. నా ఓటు గుల్లలకే. ఒక కార్డు సరంగు గారికి పోస్టులో పంపాలి, బ్యాండు, సమయం అన్నీ రాసి, కింద ఆరుగురం సంతకాలు పెట్టి.

పోలు మళ్ళీ మిద్దె మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబెట్టాం. తొమ్మిదింటికి 21.150. జేఏ2ఐజీవై కాల్ సైన్, ఆ తర్వాత ఒక గీత. రెండోది ఉందేమోనని ఎనిమిది చుట్లు విన్నాం. పక్క బిల్డింగు ఇన్వర్టరు రొద. చిన్నోడు ఇంకో మూడు నిమిషాలు ఆగుదామన్నాడు.